లేని సెన్సర్ పాడైపోయిందట

డాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ లైటు వెలగ్గానే ఇక్కడ అమెరికాలో ఓ తంతు మొదలవుతుంది. ఎవరో ఒకరు ఇరవై డాలర్ల కోడ్ రీడర్ తెచ్చి స్టీరింగ్ కింద గుచ్చుతారు. అది 'పీ' అక్షరంతో మొదలయ్యే ఓ నంబరు చూపిస్తుంది. ఆ నంబర్ని గూగుల్లో కొడితే ఫలానా సెన్సర్ అని వస్తుంది. వెంటనే ఆ ఫలానా సెన్సర్ కొనేస్తారు. లైటు ఆరితే సెన్సర్ పోయిందన్నమాట, ఆరకపోతే ఇంకో సెన్సర్ కొనాలన్నమాట. దీన్ని డయాగ్నసిస్ అంటారు. మన ఆఫీసుల్లో "ఓసారి సర్వర్ రీస్టార్ట్ చేసి చూద్దాం" అంటాం చూడండి, దానికి ఇది అన్నగారు.

ఈ తంతు మీద నాకు చాన్నాళ్ళుగా ఓ అభిప్రాయం ఉంది. 2024 వేసవిలో మా ట్రక్కు పుణ్యమా అని అది ఇంకా గట్టిపడింది.

ముందు ట్రక్కు సంగతి చెప్పాలి. 2001 మోడల్ పికప్, ఎనిమిది సిలిండర్ల ఇంజన్. డాలస్‌లో ఉండగా 2011లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2014లో ఉద్యోగం మారినప్పుడు దాన్నే తోలుకుంటూ కాలిఫోర్నియా వచ్చాను. తయారుచేసిన కంపెనీ పేరు చెప్పను, చెబితే ఆ కంపెనీ అభిమానులూ, పక్క కంపెనీ అభిమానులూ కొట్టుకు చస్తారు. మా ఊళ్ళో తెలుగువాళ్ళ దగ్గర లేని కారు లేదు, ట్రక్కు మాత్రం నా ఒక్కడి దగ్గరే ఉంది. కొత్తగా దిగినవాళ్ళకి ఎక్కడో చవగ్గా దొరికిన సోఫా ఇంటికి చేరాలన్నా, చవితికి వినాయకుడు గుడికి చేరాలన్నా ఫోను నాకే వస్తుంది. "ఆ డొక్కు బండి అమ్మి పారెయ్యండి" అని మా ఆవిడ పదేళ్ళుగా అంటూనే ఉంది. పెరట్లోకి మట్టి కావాల్సినప్పుడు మాత్రం అనదు.

ఆ జూన్‌లో దానికి కొత్త రోగం పట్టుకుంది. ఓ అరగంట నడిచి బాగా వేడెక్కాక, దారిలోనే చటుక్కున ఆగిపోయేది. తాళం తిప్పితే చెక్ ఇంజన్ లైటు కూడా వెలిగేది కాదు. బండి బాగున్నప్పుడు కూడా తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు వెలగాల్సిన లైటు అది. కోడ్ రీడర్ పెడితే అవతల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. గంట చల్లారాక మళ్ళీ ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. కంప్యూటర్‌కి కరెంటు అందుతోంది, గ్రౌండు బాగుంది. కానీ సెన్సర్లకి అది పంపాల్సిన అయిదు వోల్టులు మాత్రం రావడం లేదు. ఏ సెన్సరైనా షార్టయి ఆ అయిదు వోల్టుల్నీ కిందకి లాగేస్తోందేమోనని ఒక్కో సెన్సర్ పీకి చూశాను. అన్నీ పీకినా రాలేదు. ఇరవై మూడేళ్ళు ఇంజన్ పక్కన ఉడికిన సర్క్యూట్ బోర్డు, దాన్ని తప్పు పట్టేదేముంది!

ఆన్‌లైన్‌లో పాత ఇంజన్ కంప్యూటర్లని రీబిల్డ్ చేసి అమ్మే దుకాణాలు బోలెడున్నాయి. అలాంటి ఒకచోట ఆర్డర్ ఇచ్చాను. విన్ నంబరూ, మైలేజీ, పార్ట్ నంబరూ అడిగి, మన బండికి ప్రోగ్రామ్ చేసి పంపిస్తారు. వారంలో వచ్చింది. నాలుగు బోల్టులు, మూడు కనెక్టర్లు. పెట్టగానే బండి స్టార్టయింది, వేడెక్కినా ఆగలేదు. ఆ శనివారం ఎవరిదో డైనింగ్ టేబుల్ కూడా మోసింది.

సోమవారం లైటు వెలిగింది.

రెండు కోడ్‌లు. పీ0155, పీ0161. మొదటిది రెండో బ్యాంకులో క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందుండే ఆక్సిజన్ సెన్సర్ హీటర్ సర్క్యూట్. రెండోది అదే బ్యాంకులో కన్వర్టర్ వెనక ఉండే సెన్సర్ హీటర్ సర్క్యూట్.

ఇక్కడ రెండు ముక్కలు చెప్పకపోతే తర్వాతి గోల అర్థం కాదు. పెట్రోలు సరిగ్గా కాలడానికి బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ళ గాలి కావాలి. కన్వర్టర్ మూడు విషాల్ని ఒకేసారి శుభ్రం చెయ్యాలి: కార్బన్ మోనాక్సైడు, కాలకుండా మిగిలిన హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు. అది జరగాలంటే మిశ్రమం ఆ నిష్పత్తిని అంటిపెట్టుకునే ఉండాలి. దాన్ని కనిపెట్టి చెప్పేదే ముందు సెన్సర్. పొగలో ఆక్సిజన్ ఎక్కువుంటే 0.1 వోల్టు, తక్కువుంటే 0.9 వోల్టు ఇస్తుంది. కంప్యూటర్ ఆ మాట విని పెట్రోలు కాస్త పెంచుతూ, కాస్త తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి ఆ వోల్టేజీ ఎప్పుడూ ఊయల ఊగుతూ ఉండాలి. వెనక సెన్సర్ పని వేరు. కన్వర్టర్ బాగా పనిచేస్తుంటే అక్కడ ఊగకూడదు. ముందుదానితో సమానంగా వెనకది కూడా ఊగుతోందంటే కన్వర్టర్ చచ్చిందని అర్థం. సెన్సర్లోని జిర్కోనియా బాగా వేడెక్కితే గానీ మాట్లాడదు, సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటాలి. అందుకే లోపల హీటర్. బాష్ కంపెనీ ఈ సెన్సర్ని 1976లో వోల్వో కార్లతో మొదటిసారి రోడ్డెక్కించింది. 1996 మోడళ్ళ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ ఓబీడీ-2 తప్పనిసరి అయ్యాక, వెనక సెన్సరూ ఈ కోడ్‌లూ అందరి ఇళ్ళకీ వచ్చాయి.

సోమవారం దాకా లైటు ఎందుకాగిందనే అనుమానం మీకు వచ్చే ఉంటుంది. ఇలాంటి కోడ్ ఒక్కసారి కనబడగానే లైటు వెయ్యరు. వరసగా రెండో ట్రిప్పులో కూడా అదే తప్పు కనిపిస్తేనే వేస్తారు. ఫాల్స్ అలారంలు తగ్గించడానికి ఎవరో బుద్ధిమంతుడు చేసిన డిజైన్. మన మానిటరింగ్ టూల్స్ రాసేవాళ్ళు కూడా ఈ ముక్క నేర్చుకుంటే రాత్రి మూడింటికి లేచే బాధ తప్పును.

మా వీధి చివర మెకానిక్ మంచివాడే. రీడర్ చూసి "సెన్సర్లు వేడి తిని పోయాయి, నాలుగూ మార్చేద్దాం, ఇన్ని మైళ్ళకి కన్వర్టర్ కూడా అనుమానమే" అని 2,900 డాలర్ల ఎస్టిమేటు రాసిచ్చాడు. కాలిఫోర్నియాలో ఏ కన్వర్టర్ పడితే అది బిగించడానికి వీల్లేదు, ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఆమోదం నంబరు ఉన్నదే బిగించాలి, అందుకే ఆ ధర. మరో పక్క రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి స్మాగ్ చెక్ తప్పనిసరంటూ డీఎమ్‌వీ కాగితం వచ్చి కూర్చుంది. మన దగ్గర పెట్రోలు బంకు పక్కన వ్యాన్‌లో కూర్చుని పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళని తలుచుకుని నిట్టూర్చడం తప్ప దీనికి దొడ్డిదారి లేదు. పాసవ్వకపోతే రిజిస్ట్రేషన్ రాదు. 2,900 డాలర్లు పెడితే బండి విలువ కంటే రిపేరు ఎక్కువ. పాత బండ్లని రాష్ట్రమే కొంత డబ్బిచ్చి తుక్కులోకి తీసుకునే పథకం ఒకటుంది, మా ఆవిడ ఆ ఫారం ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించింది కూడా.

నాకు మాత్రం లెక్క కుదరలేదు. మొన్నటిదాకా చప్పుడు చెయ్యని రెండు సెన్సర్లు ఒకే బ్యాంకులో, ఒకే రోజున, అందులోనూ కంప్యూటర్ మార్చిన మూడో రోజున పోతాయా? ప్రొడక్షన్‌లో ఏదైనా విరిగితే మనం మొదట అడిగే ప్రశ్న, "చివరిగా ఏం మార్చారు?" అని కదా. హీటర్లన్నిటికీ ఫ్యూజ్ ఒక్కటే. అది పోతే మొదటి బ్యాంకు కూడా గోల పెట్టాలి, పెట్టలేదు. కాబట్టి ఫ్యూజ్ కాదు.

లాప్‌టాప్ పట్టుకెళ్ళి లైవ్ డేటా చూశాను. మొదటి బ్యాంకు ముందు సెన్సర్ ఊగుతోంది. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ మూడు శాతం దగ్గర అటూ ఇటూ కదులుతోంది. రెండో బ్యాంకు సెన్సరేమో స్కేలు పెట్టి గీసినట్టు అర వోల్టు దగ్గర అడ్డగీత. ఫ్యూయల్ ట్రిమ్ 0.0. ఎంత సేపు చూసినా 0.0. డేటాతో బతికేవాళ్ళకి ఈ సున్నా చూడగానే వెన్నులో జలదరిస్తుంది. కొలిస్తే వచ్చిన సున్నా వేరు, కొలవనే కొలవకపోతే మిగిలిపోయిన సున్నా వేరు. నిజం సెన్సర్ ఎంత పాడైనా ఇంత నీట్‌గా ఉండదు.

సరే, ఆ సెన్సర్నే చూద్దామని టార్చి పట్టుకుని బండి కిందకి దూరాను. మొదటి బ్యాంకు పైపు, రెండో బ్యాంకు పైపు వచ్చి కలిసిన చోట ఒక సెన్సర్. కన్వర్టర్ దాటాక ఇంకొకటి. అంతే! రెండో బ్యాంకు పైపు మొత్తం చేత్తో తడిమాను. సెన్సర్ కాదు కదా, సెన్సర్ పెట్టడానికి బెజ్జం కూడా లేదు. మెకానిక్ నాలుగు సెన్సర్లు మార్చమన్న బండికి పుట్టినప్పట్నుంచీ ఉన్నవి రెండే. మన భాషలో చెప్పాలంటే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ :)

పైకి లేచి కంప్యూటర్ కనెక్టర్లు విప్పి చూశాను. సర్వీస్ మాన్యువల్లో రెండో బ్యాంకు సెన్సర్లకి చూపించిన పిన్నుల స్థానంలో ఖాళీ గదులు. వైరు లేదు, టెర్మినల్ లేదు. అదే మాన్యువల్లో రెండు పేజీల తర్వాత అసలు గుట్టు ఉంది. ఒకే ట్రక్కు, ఒకే ఇంజన్, కానీ వైరింగ్ బొమ్మలు రెండు. ఒకటి ఫెడరల్, ఒకటి కాలిఫోర్నియా.

అమెరికాలో కార్ల పొగకి చాలాకాలం రెండు చట్టాలు నడిచాయి. లాస్ ఏంజెలెస్‌ని కమ్మేసే పొగమంచు కార్ల పొగకీ ఎండకీ పుట్టిన బిడ్డని 1950ల్లో తేల్చినది కాల్‌టెక్‌లోని హాగెన్-స్మిట్ అనే ఆయన. 1967లో కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు పెట్టినప్పుడు మొదటి ఛైర్మన్ కూడా ఆయనే. అప్పట్నుంచీ ఈ రాష్ట్రం సొంత ప్రమాణాలు పెట్టుకుంటూ వచ్చింది. దాంతో 2001 నాటికి కూడా కొన్ని కంపెనీలు ఒకే బండిని రెండు రకాలుగా కట్టేవి. కాలిఫోర్నియా రకానికి కన్వర్టర్లూ సెన్సర్లూ ఎక్కువ, మిగతా దేశానికి తక్కువ. మాది డాలస్‌లో కొన్న బండి, కాబట్టి ఫెడరల్. బానెట్ ఎత్తితే లోపలే ఓ స్టిక్కర్ మీద అది రాసి ఉంటుంది. మా బండిది ఎండకి పాలిపోయింది గానీ, ఈపీఏ ప్రమాణాల మాట చదవడానికి వీలుగానే ఉంది, కాలిఫోర్నియా ఊసు లేదు. వేరే రాష్ట్రంలో కొన్న ఫెడరల్ బండి 7,500 మైళ్ళు దాటి ఉంటే ఇక్కడ రిజిస్టర్ చేసుకోవచ్చు. 2014లో నేను చేసింది అదే.

మరి కంప్యూటర్ పంపినవాళ్ళేం చేశారు? ఫోన్ చేసి కాలిబ్రేషన్ నంబరు చదివి వినిపించాను. అవతలి ఆయన కాసేపు కీబోర్డు టకటకలాడించి, "అది కాలిఫోర్నియా ఫైల్. మీ డెలివరీ అడ్రస్ కాలిఫోర్నియా కదా!" అన్నాడు. విన్ నంబరు అక్షరం పొల్లుపోకుండా రాశారు. మా బండి విషయంలో విన్‌ని బట్టి ఎమిషన్స్ రకం తెలీదు. తెలియని చోట పార్సిల్ అడ్రస్ చూసి పూరించేశారు. పాపం ఆ కంప్యూటర్ నాలుగు సెన్సర్లు ఉంటాయని నమ్మి వచ్చింది. రెండు జవాబివ్వడం లేదు. తనకి తెలిసినంతలో నిజమే చెప్పింది. అంతేకాదు, రెండో వైపు నాలుగు సిలిండర్లకి సమాచారం లేక పట్టిక చూసి గుడ్డిగా పెట్రోలు పోస్తోంది. గాలన్‌కి 14 మైళ్ళిచ్చే బండి 11కి దిగడానికీ, సిగ్నల్ దగ్గర ఆగితే పెట్రోలు వాసన రావడానికీ కారణం అదే. ఎమిషన్స్ తగ్గించడానికి ఎక్కువ సెన్సర్లు అడిగే ప్రోగ్రామే ఈ బండిలో ఎక్కువ పొగ పుట్టిస్తోందన్నమాట.

వాళ్ళు మరో ఫైల్ వేసి పంపుతామన్నారు. పాతది పంపి, కొత్తది వచ్చేసరికి రెండు వారాలు. ఈలోగా సలహాలు మొదలయ్యాయి.

మా పక్క టీములో ఓ గుంటూరాయన ఉన్నాడు, హార్డ్‌వేర్ మనిషి. "లేని సెన్సర్ కోసం ఇంత రాద్ధాంతమేంటి గురూ! హీటర్ బదులు రెండు రెసిస్టర్లు కట్టెయ్, కంప్యూటర్ నమ్మేస్తుంది. మాక్ ఆబ్జెక్ట్ అనుకో" అన్నాడు. ఇంకొకరి ద్వారా ట్యూనింగ్ చేసే కుర్రాడొకడు దొరికాడు. 150 డాలర్లిస్తే సాఫ్ట్‌వేర్లో ఆ రెండు సెన్సర్లనీ ఆపేస్తాడట. పనిలో పనిగా రెడీనెస్ మానిటర్లన్నీ ఎప్పుడూ 'రెడీ' అనే చూపించేలా చేస్తాడట. "లైటన్నదే రాదు, బ్రదర్" అన్నాడు.

మొదటి సగం వింటే న్యాయంగానే అనిపిస్తుంది. లేని సెన్సర్ని ఆపితే పాపమేమిటి? చిక్కంతా రెండో సగంలో ఉంది. ఓబీడీ తనని తాను పరీక్షించుకుని, "ఈ పరీక్ష పూర్తి చేశాను" అని పెట్టుకునే టిక్కులే ఆ మానిటర్లు. పరీక్ష చెయ్యకుండానే టిక్కు పెట్టించడమంటే ఫెయిలవుతున్న యూనిట్ టెస్ట్‌లో అసర్ట్ లైన్ని కామెంట్ చేసి బిల్డ్ గ్రీన్ అని మెయిలు కొట్టడమే. మనలో ఆ పని చూడనివాళ్ళెవరు? ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళు అంతకంటే ఓ మెట్టు పైకెళ్ళారు. పరీక్షలో ఉన్నానని కారే కనిపెట్టి, అప్పుడు మాత్రం బుద్ధిగా ఉండే కోడ్ రాశారు. 2015 సెప్టెంబర్‌లో బయటపడేసరికి ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షల కార్లలో అది ఉంది. 2017లో వాళ్ళ ఇంజనీరు ఒకాయనకి అమెరికా కోర్టు 40 నెలల జైలు వేసింది. రిక్వైర్‌మెంట్ ఎవరిచ్చారో గానీ, జైలుకెళ్ళినవాళ్ళలో కోడ్ వైపు మనిషి కూడా ఉన్నాడు. ఇక కాలిఫోర్నియాలో 2021 జూలై నుంచి స్మాగ్ చెక్‌లో సాఫ్ట్‌వేర్ మార్చారా అని కూడా చూస్తున్నారు. కుర్రాడికి వద్దని చెప్పాను. "మీ ఇష్టం, బ్రదర్."

కొత్త కంప్యూటర్ వచ్చింది, ఫెడరల్ ఫైల్‌తో. పీ0155, పీ0161 మాయం. పెట్రోలు వాసన పోయింది. కానీ కంప్యూటర్ మారింది కాబట్టి మానిటర్లన్నీ 'నాట్ రెడీ'. 2000 మోడల్ నుంచి పెట్రోలు బండ్లకి స్మాగ్ చెక్‌లో ఎవాప్ ఒక్కటి తప్ప మిగతావన్నీ రెడీగా ఉండాలి. పరీక్ష ముందురోజు కోడ్‌లు చెరిపేసి వెళ్దామనుకునే తెలివైనవాళ్ళని ఆపేది కూడా ఈ నిబంధనే, కోడ్‌తో పాటు టిక్కులూ చెరిగిపోతాయి.

మానిటర్లు రెడీ అవ్వాలంటే పద్ధతిగా నడపాలి. రాత్రంతా చల్లారిన ఇంజన్, పావు నుంచి ముప్పావు మధ్య పెట్రోలు, కాసేపు ఐడిల్, తర్వాత 55 మైళ్ళ వేగంలో నిలకడగా ఓ పావుగంట, ఆపైన బ్రేకు తొక్కకుండా కాలు తీసేసి దానంతటది నెమ్మదించేదాకా ఆగడం. వారం రోజులు పొద్దున్నే అయిదున్నరకి లేచి 680 మీద కుడి లేన్లో నడిపాను. వెనకవాళ్ళు నన్నేమనుకున్నారో వాళ్ళ చేతివేళ్ళే చెప్పాయి.

ఆరో రోజున మళ్ళీ లైటు. ఈసారి పీ0133. ముందు సెన్సర్ స్పందన మందగించిందని.

మా ఆవిడ ఫ్రిజ్ మీది ఫారం వైపు చూసింది. నాకు మాత్రం ఎందుకో ఉత్సాహమేసింది. ఈసారి కంప్యూటర్ మాట్లాడేది బండిలో ఉన్న సెన్సర్ గురించి. అయినా వెంటనే కొనలేదు. ఎగ్జాస్ట్ అతుకుల్లో లీకుంటే బయటి గాలి చొరబడి సెన్సర్ని తప్పుదారి పట్టిస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెనక పైపులోకి షాప్ వాక్యూమ్‌తో గాలి కొట్టి, అతుకుల మీద సబ్బు నీళ్ళు చల్లాను. బుడగలు రాలేదు. తర్వాత ఇంజన్ వేడి చేసి, గాలి లోపలికి పోయే గొట్టంలో కాస్త ప్రొపేన్ వదిలాను. వోల్టేజీ పైకి దూకాలి. ఇదేమో కొండెక్కుతున్న ఎర్రబస్సులా మెల్లగా పోయింది. వాక్యూమ్ గొట్టం ఒకటి పీకితే దభాలున పడాల్సింది, దిగడం కూడా అంతే నీరసం. బండితో పుట్టిన సెన్సర్, రెండు లక్షల మైళ్ళ పైన మోసింది. 58 డాలర్లు పెట్టి కొత్తది బిగించి అదే ప్రొపేన్ మళ్ళీ వదిలాను, గ్రాఫ్ నిలువుగా లేచింది. ఇంకో వారం అయిదున్నర సుప్రభాతాలు.

ట్యూనింగ్ కుర్రాడి మాట విని ఉంటే ఈ పీ0133 నాకు ఎప్పటికీ కనిపించేది కాదు. మందగించిన సెన్సర్‌తో బండి రిచ్‌గా నడిచి నడిచి, మంచి కన్వర్టర్ని కాల్చేసేది. మానిటర్ మాత్రం 'రెడీ' అనే ఉండేది.

స్మాగ్ చెక్ పది నిమిషాల్లో అయిపోయింది. అబ్బాయి కేబుల్ పెట్టి, బానెట్ ఎత్తి, స్టిక్కర్ మీద టార్చి వేసి చదివి, కింద సెన్సర్లు లెక్కపెట్టుకున్నాడు. "ఫెడరల్, రెండే" అని తనలో తనే అనుకున్నాడు. ఇన్ని వారాల్లో ఆ స్టిక్కర్ నాతో చెప్పించుకోకుండా చదివిన మొదటి మనిషి అతనే.

కంప్యూటర్ అమ్మిన దుకాణానికి మెయిలు రాశాను, తిట్టడానికి కాదు. ఆర్డర్ ఫారంలో ఒక్క గడి పెంచండి, 'బానెట్ కింద స్టిక్కర్ మీద ఏమి రాసుంది: ఫెడరలా, కాలిఫోర్నియానా' అని అడగండి, ఖాళీగా వదిలితే ఆర్డర్ ముందుకెళ్ళనివ్వకండి అని. థాంక్స్ అని ఒక్క ముక్క జవాబిచ్చారు. ఈమధ్య ఓ స్నేహితుడి బండి కోసం మళ్ళీ ఆ సైట్‌కెళ్తే గడి పెట్టారు. డెలివరీ అడ్రస్ కాలిఫోర్నియా అని టైపు చెయ్యగానే అందులో 'కాలిఫోర్నియా' అని దానంతటదే టిక్కు పడుతోంది.